కొత్త అల్లాయ్ చక్రాలు వేశాక 90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, బ్యాలెన్సింగ్ యంత్రం మాత్రం సున్నా అంటోంది

ఒంగోలు సిటీ:

అందరికీ నమస్కారం. నాది 2015 మోడల్ హోండా సిటీ, పెట్రోలు. కంపెనీ ఇచ్చిన 15 అంగుళాల ఇనుప చక్రాలు, 175/65 టైర్లతో ఇన్నేళ్లూ నిశ్చింతగా తిరిగాను. టైర్లు అరిగిపోయాయి, ఎలాగూ మార్చాలి కాబట్టి పనిలో పనిగా 16 అంగుళాల అల్లాయ్‌లు వేయిద్దామని మా అబ్బాయి పట్టుబట్టాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక దుకాణంలో చక్రాలు, 185/55 ఆర్16 టైర్లు కలిపి తీసుకున్నాం. 2017లో ఇదే బండి కొత్త రూపంలో వచ్చినప్పుడు పై రకాలకు కంపెనీయే ఈ టైరు కొలత ఇచ్చింది, అందుకే నాకూ అభ్యంతరం లేకపోయింది. చూడటానికి బాగున్నాయి, అది ఒప్పుకోవాలి.

బాధంతా హైవే మీదే. నెల్లూరు వైపు నున్నటి రోడ్డు మీద 80 వరకు ఏమీ తెలియదు. 90 దగ్గర మొదలవుతుంది. 100 వచ్చేసరికి స్టీరింగు సన్నగా ఎడమకూ కుడికీ కొట్టుకుంటూ ఉంటుంది. 115 దాటితే మళ్లీ తగ్గిపోతుందని మా అబ్బాయి అంటాడు; ఆ వేగం నేను చూడలేదు, చూడాలని కూడా లేదు. బ్రేకు వేస్తే వణుకు పెరగడం లేదు. న్యూట్రల్‌లో పెట్టి వదిలినా అలాగే ఉంటుంది. బండి ఒక పక్కకు లాగడం లేదు.

దుకాణం వాళ్లకు ఫోను చేస్తే గాలి ఎక్కువైందన్నారు. తగ్గించాను, ఏమీ మారలేదు. ఒంగోలులో వేరేచోట మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాను. నాలుగు చక్రాలకూ సున్నా చూపించింది, నా కళ్లతో చూశాను. అలైన్‌మెంట్ కూడా చేయించాను. అక్కడి మెకానిక్ సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు) పోయాయి, మొత్తం మార్చాలి అంటున్నాడు. చక్రాలు మార్చిన ముందురోజు వరకు లేని వణుకు, బుష్‌ల వల్ల రాత్రికి రాత్రి వస్తుందా? ఖర్చు పెట్టే ముందు తెలిసినవాళ్లను అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను.

హైవే పక్షి:

బుష్‌ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు పైసా ఖర్చులేని పని ఒకటి చేయండి: ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి అదే రోడ్డు మీద నడపండి. ముందు చక్రాల్లో లోపం ఉంటే స్టీరింగులో తెలుస్తుంది, వెనక చక్రాల్లో ఉంటే సీటులో, నేల మీద పెట్టిన పాదాల్లో తెలుస్తుంది. వణుకు స్టీరింగు వదిలి సీటులోకి వస్తే ఆ జతలోనే ఏదో ఉందన్నమాట.

ఇంకొకటి. టైరు అంచు రిమ్ముకు ఆనుకునేచోట చుట్టూ సన్నని గీత ఒకటి పోతపోసి ఉంటుంది. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం అన్నివైపులా ఒకేలా ఉందో లేదో చూడండి. ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదు. అప్పుడు గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ ఎక్కించాలి. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే, అది టైరులో తేలికైన భాగం. వాల్వు పక్కకు రావాలి.

పాత డిపో ఫోర్‌మన్:

నమస్కారమండీ. బస్సుల డిపోలో ఉద్యోగమంతా చక్రాల కిందే గడిచింది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చుంటే ఇలాంటి ప్రశ్నలు చూస్తే చేయి ఊరుకోదు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అలైన్‌మెంట్‌కు మళ్లీ డబ్బు పోయకండి. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ వచ్చే వణుకుకు అది కారణం కాదు. బ్రేకు వేస్తే పెరగడం లేదన్నారు, కనుక డిస్కులను కూడా ప్రస్తుతానికి వదిలేద్దాం. న్యూట్రల్‌లోనూ ఉందన్నారు, కనుక ఇంజను లాగుడుకూ డ్రైవ్ షాఫ్టులకూ సంబంధం లేదు. ఇక మిగిలింది తిరిగే చక్రమే. మీరు రాసిన నాలుగు వాక్యాలు చాలామంది మెకానిక్‌లు అడగని ప్రశ్నలకు జవాబులు.

ఇక ఆ సున్నా సంగతి. బ్యాలెన్సింగ్ యంత్రం అబద్ధం చెప్పడం లేదు. అది తన షాఫ్టు మీద చక్రాన్ని మధ్య రంధ్రం ఆధారంగా, ఒక శంకువు సాయంతో పట్టుకుంటుంది. ఆ రంధ్రం కేంద్రంగా తిప్పితే బరువు సమంగా ఉంది, అంతే అది చెప్పే మాట. మీ బండి మీద ఆ చక్రం అదే కేంద్రం చుట్టూ తిరుగుతోందా అన్నది యంత్రానికి తెలియదు.

మీ బండి హబ్బు, అంటే చక్రం మధ్య రంధ్రం ఎక్కి కూర్చునే ఇనుప భాగం, వ్యాసం 56.1 మిల్లీమీటర్లు. కంపెనీ చక్రానికి మధ్య రంధ్రం కూడా అంతే, అది ఆ హబ్బు మీదికి బిగువుగా ఎక్కుతుంది. బయట దొరికే అల్లాయ్‌లు ఒకే అచ్చులో పోసి పది రకాల బళ్లకు అమ్మాలి కాబట్టి మధ్య రంధ్రం పెద్దగా వదిలేస్తారు. 67.1 ఉండవచ్చు, 73.1 ఉండవచ్చు. అంటే మీ హబ్బు చుట్టూ ఖాళీ. ఆ ఖాళీని పూరించడానికి రింగులు ఉంటాయి. వేశారా? అమ్మినవాళ్లు ఆ మాటే ఎత్తలేదని నా అనుమానం.

రింగుకన్నా ముందు చూడవలసింది మరొకటి ఉంది. నట్లు. మీ బండికి కంపెనీ ఇచ్చిన నట్టు అడుగు గుండ్రంగా, గోలీలో ఒక ముక్క కోసినట్టు ఉంటుంది. హోండా వాళ్ల పద్ధతి అది. కంపెనీ చక్రంలో నట్టు కూర్చునే గుంట కూడా అదే వంపులో ఉంటుంది. బయటి అల్లాయ్‌లలో గుంట దాదాపు ఎప్పుడూ 60 డిగ్రీల శంకువు, అంటే గోడలు వాలుగా, తిన్నగా ఉంటాయి. వాలు గోడల గుంటలో గుండ్రటి నట్టు బిగిస్తే ఆనేది సన్నని గీతంత మేరే. అల్యూమినియం మెత్తన, ఒక పక్క నొక్కుకుపోతుంది, నట్టు బిగిసినట్టే ఉంటుంది, చక్రం కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. వణుకు సంగతి అటుంచండి, అలాంటి నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది. అందుకని ఇది చూసేదాకా హైవే ఎక్కకండి.

ఎలా చూడాలంటే, ఒక నట్టు విప్పి దాని అడుగు చూడండి. పక్క వంపు తిరిగి ఉందా, స్కేలు ఆనిస్తే ఆనేటంత తిన్నగా ఉందా? తేల్చుకోలేకపోతే అడుగున మార్కరు పెన్నుతో నీలి రంగు పూయండి, ఆరాక బిగించి విప్పండి. వెడల్పాటి పట్టీ మేర రంగు చెరిగిపోతే జోడీ సరైనది. దారమంత గీత మాత్రమే చెరిగితే ఆ నట్టు ఆ చక్రానికి పనికిరాదు.

చక్రం విప్పినప్పుడు హబ్బు ముఖం మీద తుప్పు, డిస్కును పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు కూడా చూడండి. స్క్రూ తల పైకి లేచి ఉంటే చక్రం సమంగా ఆనదు. ఇనుప బ్రష్షుతో తుడిచి, గుడ్డతో శుభ్రం చేస్తే చాలు.

ఈ మూడూ చూసి రాయండి. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) ఉన్నవాళ్లతో చక్రం వెనక వైపు మధ్య రంధ్రం కొలిపించండి. టేపుతో కొలవకండి.

లెక్కల మాస్టారు:

ఫోర్‌మన్ గారు చెప్పిందాన్ని అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 16 అంగుళాల అల్లాయ్, టైరు కలిపి సుమారు 17 కిలోలు అనుకుందాం. అది కేంద్రం నుంచి 0.3 మిల్లీమీటరు పక్కకు కూర్చుంది. 17,000 గ్రాములను 0.3తో గుణిస్తే 5,100. వెయిట్లు అతికించే చోటు కేంద్రం నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది కనుక దానితో భాగిస్తే పాతిక గ్రాముల పైచిలుకు. బ్యాలెన్సింగ్‌లో 5 గ్రాముల తేడాకే ముక్క అతికిస్తాం, ఇక్కడ దానికి ఐదింతలు కనిపించకుండా కూర్చుంది.

185/55 ఆర్16 టైరు వ్యాసం దాదాపు 610 మిల్లీమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పద్నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఆ పక్కబరువు నాలుగు కిలోలకు పైగా బలంతో లాగుతుంది, సెకనుకు పద్నాలుగుసార్లు దిశ మారుస్తూ. 50 వేగంలో ఇది నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే ఊళ్లో తెలియదు. ఇది బరువు సంగతి మాత్రమే. టైరు గుండ్రదనం కూడా అంతే మేర తప్పుతుంది, అది వేరే. 115 దాటితే తగ్గుతుందన్న మీ అబ్బాయి మాట కూడా నమ్మదగినదే. సస్పెన్షన్‌కు, స్టీరింగుకు తమ సొంత ఊపు వేగం ఒకటి ఉంటుంది, చక్రం ఊపు దానితో కలిసినచోట ఎక్కువగా తెలుస్తుంది.

కానీ ఒక విషయంలో నాకు అభ్యంతరం. శంకువు నట్లు సరైనవి వేసి, చక్రం గాలిలో ఉండగా ఎదురెదురుగా బిగిస్తే, నాలుగు శంకువులూ కలిసి చక్రాన్ని తామే మధ్యకు తెస్తాయి. రింగు లేకుండా ఏళ్ల తరబడి వణుకు లేకుండా తిరుగుతున్న బళ్లున్నాయి. బరువు మోసేది రింగు కాదు, నట్ల బిగువు వల్ల హబ్బు ముఖానికీ చక్రానికీ మధ్య పుట్టే రాపిడి. అలాంటప్పుడు రింగు తప్పనిసరి అనడం అమ్మకందారు మాట కాదా?

పాత డిపో ఫోర్‌మన్:

మాస్టారూ, మీరన్నది సగం నిజం, ఆ సగం నాకూ తెలుసు. పెద్ద బళ్లలో రెండు పద్ధతులూ ఉన్నాయి. ఒకదానిలో నట్టే చక్రాన్ని మధ్యకు తెస్తుంది. ఇంకోదానిలో చక్రం హబ్బు మీద కూర్చుంటుంది, చదునైన నట్టు బిగించడం వరకే. రెండూ పనిచేస్తాయి. రింగు బరువు మోయదు, అదీ నిజమే.

కానీ మీరు చెప్పిన పద్ధతిలో బిగించేది ఎవరు? చక్రం గాలిలో ఉండగా నాలుగు నట్లూ చేత్తో తిప్పి, చక్రాన్ని కొంచెం కదిలిస్తూ, ఎదురెదురుగా సగం సగం బిగించే ఓపిక ఏ దుకాణంలో ఉంది? గాలి గన్ను పెట్టి మొదటి నట్టును ఒక్కసారే చివరిదాకా బిగిస్తాడు. చక్రం ఆ పక్కకు నొక్కుకుని రాపిడికి అక్కడే ఆగిపోతుంది, మిగతా మూడూ దాన్ని కదపలేవు. రింగు ఉంటే ఆ నిర్లక్ష్యాన్ని కూడా భరిస్తుంది. చేసేవాడి చేయి మన చేతిలో లేదు కాబట్టి రింగు వేసుకోమంటాను. అందులోనూ పంక్చరైనప్పుడు దారిలో ఎవరు బిగిస్తారో మనకు తెలియదు కదా.

పుంటో మాధుర్యం:

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నా ఫియట్ పుంటోకు ఇలాంటిదే ఇంకో కథ. దాని బోల్టుల వలయం 98 మిల్లీమీటర్లు, బజారులో దొరికేవన్నీ 100. రెండు మిల్లీమీటర్లే కదా, సర్దుకుంటుందని ఒక దుకాణంలో నాకు 100 చక్రం పెట్టబోయారు. బోల్టులు లోపలికి వెళ్లాయి కూడా, కానీ నాలుగూ పక్కవాటుగా. నేను వద్దని వెనక్కి వచ్చేశాను. సిటీకి 4×100, అంటే నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల వలయం కనుక మీకు ఈ బాధ లేదు, అయినా చక్రం వెనక పోతపోసిన అంకె ఒకసారి చూసుకోండి. ఎనిమిది రంధ్రాల చక్రాలైతే రెండు వలయాలు ఉంటాయి, మీది ఏదో చూసి మరీ పెట్టించుకోవాలి.

ఒంగోలు సిటీ:

ఫోర్‌మన్ గారూ, మీకు చేతులెత్తి దండం. నట్లు విప్పి చూశాను. అవి నా పాత నట్లే, అడుగు వంపు తిరిగి ఉంది. చక్రంలో గుంట తిన్నటి వాలు. మార్కరు రంగు పూసి బిగించి చూస్తే వెంట్రుకవాసి గీత, అదీ చుట్టూ లేదు, సగం మేరే. కుడి ముందు చక్రం గుంటల్లో రెండింటిలో చిన్న నొక్కులు కనిపించాయి. మధ్య రంధ్రం 73.1, లోపల రింగు లేదు. పీసీడీ, అంటే ఆ బోల్టుల వలయం, సరైనదే, 4×100. హైవే పక్షి గారు చెప్పిన టైరు గీత అన్నిచోట్లా సమంగా ఉంది. డిస్కు స్క్రూలు బాగానే ఉన్నాయి, తుప్పు కొంచెం ఉంటే తుడిచాను.

ఇప్పుడు ఏ నట్లు కొనాలి? రింగులు ప్లాస్టిక్‌వి కొనాలా, అల్యూమినియంవా? ఆ నొక్కులు పడిన గుంటల సంగతి ఏమిటి?

పాత డిపో ఫోర్‌మన్:

నట్లు: ఎం12 (మర వ్యాసం 12 మిల్లీమీటర్లు), మరల దూరం 1.5 మిల్లీమీటర్లు, అడుగు 60 డిగ్రీల శంకువు. మరల దూరం ఖచ్చితంగా చూసుకోండి. మారుతి బళ్ల నట్లు ఎం12 × 1.25, చూపుకు ఒకేలా ఉంటాయి, రెండు చుట్లు ఎక్కి పట్టేస్తాయి, మూర్ఖంగా తిప్పితే నట్టు ఎక్కే మర కడ్డీ, అదే స్టడ్డు, పోతుంది. కొత్త నట్టును చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. చక్రం పెట్టాక కనీసం ఎనిమిది చుట్లు పట్టాలి. అల్లాయ్ మందంగా ఉంటుంది కనుక ఇది చూడటం అవసరం.

రింగులు: ఆటోనగర్‌లో ఏ లేత్ షాపుకు వెళ్లినా అల్యూమినియం కడ్డీ నుంచి తీసి ఇస్తారు. బయట 73.1, లోపల 56.1, గోడ మందం ఎనిమిదిన్నర. బయటి కొలత ఒక వెంట్రుక తక్కువ ఉంచమనండి, సుత్తితో కొట్టి ఎక్కించే బిగువు వద్దు. హబ్బు మీద పలుచగా గ్రీజు రాస్తే తుప్పుకు అతుక్కుపోదు. గ్రీజు అన్నాను కదా అని స్టడ్డు మరలకూ నట్టు అడుగుకూ రాయకండి, బిగువు లెక్క తప్పుతుంది. ప్లాస్టిక్‌వి కూడా మంచివే, ఊళ్లో తిరిగే బండికి ఢోకా లేదు. మీరు శ్రీశైలం ఘాటు రోడ్డు ఎక్కేవారైతే బ్రేకుల వేడికి నేను లోహం వైపే మొగ్గుతాను.

నొక్కులు: గోరుతో గీరితే అంచు తగిలేటంత లోతు ఉంటే చక్రం వెనక్కి ఇచ్చేయండి. మచ్చలా మాత్రమే ఉంటే శంకువు నట్టు మిగతా మేర ఆనుకుంటుంది, భయం లేదు.

బిగింపు: బండి జాకీ మీద ఉండగా నాలుగూ చేత్తో, తరువాత పానాతో ఎదురెదురుగా కొద్దికొద్దిగా. బండి దించాక టార్క్ రెంచితో (బిగువు కొలిచి చూపే పానా) 108 న్యూటన్ మీటర్లు, అంటే 11 కిలోల మీటరు. టార్క్ రెంచి దొరకకపోతే అరమీటరు పొడవు పానా చివర 22 కిలోల బలం పెట్టాలన్నమాట. పానా మీద ఎక్కి తొక్కితే మూడింతలు అవుతుంది, అది వద్దు. వంద కిలోమీటర్లలోపు ఒకసారి మళ్లీ బిగువు చూడండి.

ఒంగోలు సిటీ:

అన్నీ చేయించాను. అమ్మిన దుకాణం వాళ్లు మొదట గొణిగారు. మార్కరు గీత ఫోటో చూపించాక నట్లు ఉచితంగా ఇచ్చారు, రింగుల డబ్బు నేనే పెట్టుకున్నాను. నొక్కులు మచ్చల్లాగే ఉన్నాయి, చక్రం ఉంచుకున్నాను.

నెల్లూరు రోడ్డు మీద 90, 100 రెండింటిలోనూ స్టీరింగు నిలకడగా ఉంది. 105 దగ్గర సీటు కింద మాత్రం సన్నగా ఏదో తెలుస్తోంది. స్టీరింగులో లేదు. మా అబ్బాయి అది నా ఊహ అంటున్నాడు, నాకు మాత్రం తెలుస్తోంది.

హైవే పక్షి:

సీటులో అంటే వెనక చక్రం. వెనక పక్క జాకీ వేసి, ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి. రిమ్ము అంచుకు దగ్గరగా ఒక పెన్ను కదలకుండా పట్టుకుని చక్రాన్ని చేత్తో తిప్పండి. పెన్నుకూ రిమ్ముకూ ఎడం మారుతుందేమో చూడండి. తరువాత టైరు నడిమి మీద కూడా అలాగే.

ఒంగోలు సిటీ:

ఎడమ వెనక చక్రం. రిమ్ములో తేడా కనబడలేదు, టైరు మీద మాత్రం ఒకచోట ఎత్తు తెలుస్తోంది. ఒక మిల్లీమీటరుకు కొంచెం అటూఇటూ ఉంటుంది.

పాత డిపో ఫోర్‌మన్:

అయితే రిమ్ము జోలికి వెళ్లకండి. టైరు గాలి తీసి, రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించమనండి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించండి. చాలాసార్లు టైరు ఎత్తు, రిమ్ము పల్లం ఒకదానికొకటి సరిపోతాయి. అయినా తగ్గకపోతే టైరు వారంటీలో మార్పించుకోండి, ఆ బిల్లు జాగ్రత్త చేసే ఉంటారు.

పుంటో మాధుర్యం:

ఒక చిన్న సందేహం. సిటీ గారి స్టెప్నీ ఇంకా పాత ఇనుప చక్రమే కదా? దానికి ఈ కొత్త శంకువు నట్లు వేయవచ్చా?

పాత డిపో ఫోర్‌మన్:

వేయకూడదు. మంచి మాట అడిగారు. అది కంపెనీ చక్రం, దాని గుంట వంపు తిరిగి ఉంటుంది, దానికి పాత గుండ్రటి నట్లే కావాలి. సిటీ గారూ, పాత నట్లలో బాగున్నవి నాలుగు ఒక సంచిలో వేసి స్టెప్నీ గుంతలోనే ఉంచండి. పంక్చర్ వేసేవాడికి అవే ఇవ్వండి. స్టెప్నీ 15 అంగుళాలైనా చుట్టుకొలతలో కొత్త టైరుకు తేడా అర సెంటీమీటరే, పంక్చర్ షాపు దాకా వెళ్లడానికి ఇబ్బంది లేదు.